తొక్కుడు పడవ

మా వంటమనిషి ఇస్రాయేలు పాస్‌పోర్టు క్యాంప్‌బాస్ టేబుల్ మీదికి వచ్చేసరికి నేనింకా ఒంటిమీది ఉప్పు కడుక్కోనేలేదు.

జహీరుద్దీన్ సాబ్ ఆ పాస్‌పోర్టును ఒకసారి తిరగేసి, దాని పక్కన ఒక తెల్లకాగితం పెట్టాడు. ఆయనది నిజామాబాద్ టౌన్. ఒమన్‌లో ఇరవై ఏళ్ళ సర్వీసు. బౌషర్‌లోని మా కంపెనీ క్యాంపులో మూడు వందల మందికి ఆయన మాటే చట్టం.

"పోలీసోళ్ళు ఫోన్ చేసిన్రు," అన్నాడు. "మీ లేబర్ ఒకడు సముద్రంల మునిగిండు, పడవకు బిరడా ఎవడో పీకిండు, ఏంది సంగతి అని. జుమ్మా నమాజు అయినంక మేనేజర్ వస్తడు. ఒక్కటే అడుగుతడు. ఎవడు? పేరు చెప్తే ఖిస్సా ఖతమ్. చెప్పకుంటే మీ రూమ్ మొత్తం వీసాలు క్యాన్సల్."

"పేరు కండ్ల ముంగటనే ఉన్నది గద సాబ్," అన్నారెవరో గుమ్మంలోంచి.

అందరూ ఇస్రాయేలు వైపు చూశారు. మా మెస్సులో వండేది అతనే. అంతర్వేది దగ్గర పల్లె. తొంభై ఆరు తుఫానులో సొంత పడవ పోతే, గరిటె పట్టుకోవడం నేర్చుకుని ఈ దేశం వచ్చాడు. వచ్చి ఆరు నెలలే. తప్పు చేసి పంపించేశారని పాస్‌పోర్టు మీద ముద్ర పడితే మళ్ళీ ఈ గడ్డ మీద అడుగు పెట్టలేడు.

"నిన్న సాయంత్రం మెస్సుల అందరి ముంగట అన్నవా లేదా? పోతే మునుగుతవ్ అని?" జహీరుద్దీన్ సాబ్ అడిగాడు.

"అన్నానండి," అన్నాడు ఇస్రాయేలు. "మునిగిపోతావన్నాను. ముంచేత్తానన్లేదు గదండి."

"నవ్వులాటనా? పడవ కాడ ఆఖరుకు ఎవరున్నరు?"

మా బావ దేవయ్య గొంతు సవరించుకున్నాడు. మా అక్క రజిత భర్త. కంపెనీ వాటర్ ట్యాంకర్ డ్రైవరు. నాకు వీసా తెప్పించినవాడు. నేలచూపులు చూస్తూ అన్నాడు.

"పొద్దుగూకే యాల్ల ఇస్రాయేలే ఉండె. గాలాలు కట్టుకుంట."

అది నిజమే. నేనూ చూశాను.

జహీరుద్దీన్ సాబ్ నా వైపు తిరిగాడు. "లింబాద్రీ, సచ్చి బతికినోనివి నువ్వు. నువ్వు చెప్పు. వీడేనా?"

"నాకు తెల్వది సాబ్."

"తెలుసుకో. జుమ్మా దాక టైం."

గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది. కిటికీలోంచి చూస్తే, కంపెనీ పికప్ దింపిపోయిన మా పసుపుపచ్చ పడవ ఇసుకలో బోర్లా పడి ఉంది. ఆ పడవ మా రూమ్‌లోకి వచ్చి అప్పటికి సరిగ్గా పదకొండు వారాలు.

*

1998 సెప్టెంబరు మొదటి వారం. నేను కంపెనీలో ప్లంబర్‌ని. అజైబాలో ఒక విల్లాలో మోటార్ బాగుచెయ్యడానికి పంపారు. తలుపు తీసింది గంగులమ్మ. కడప మనిషి, ఆ ఇంట్లో పనిచేస్తుంది. తెలుగువాణ్ణని తెలియగానే మోటార్ దగ్గరికి తీసుకెళ్ళేలోపే ఇంటి కథంతా చెప్పేసింది.

పెరటి గోడకు ఏదో పొడుగ్గా ఆనించి ఉంది. పసుపుపచ్చ రంగు. రెండు కొసలూ సూదిగా. నడుమ ఒక సీటు, సీటు ముందు రెండు పెడళ్ళు.

"ఇదేందమ్మా?"

"పడవ నాయనా. చూసి నవ్వగాక. మా దొర దీంట్లో కూచోని సైకిల్ తొక్కినట్టు తొక్కుతాడు. కాళ్ళు పని చేచ్చాంటే చేతుల్లో గాలం పట్టుకోని ఊరికే కూచుంటాడు. మొన్న తెచ్చిన చేప ఫ్రిజ్జులో పట్టలా. తల యాడ పెట్టాల్నో తెలీక నా సావు నేను సచ్చినా."

నా చేతిలో పానా జారింది.

మాది పోచంపాడు ప్రాజెక్టు ఒడ్డున ఊరు. మా నాయనా, తాతా చేపలు పట్టే బతికారు. పుట్టిలో కూర్చున్నవాడి బాధంతా ఒక్కటే. ఒక చేత్తో తెడ్డు వెయ్యాలి, ఒక చేత్తో వల లాగాలి, మూడో చెయ్యి లేక చేప పోతుంది. చేతులు రెండూ ఖాళీగా ఉండే పడవ! అలాంటిది లోకంలో ఉందని మా తాతకు చెబితే నన్ను పిచ్చివాడనేవాడు.

"అమ్ముతాడా?"

"ఎల్లిపోతాండాడు గదా, ఈ వారంలోనే. ఎవురన్నా అడిగితే చెప్పమన్యాడు."

దొర బయటికి వచ్చాడు. ఎర్రగా, పొడుగ్గా, చెప్పుల్లేకుండా. నా ముఖం చూసి ఏమనుకున్నాడో, పడవను ఎత్తి ఇంటి ఈతకొలనులో పడేసి, కూర్చో అని సైగ చేశాడు. యూనిఫాంతోనే కూర్చున్నాను. పెడళ్ళ కింద నీళ్ళలో రెండు రెక్కలున్నాయి. తొక్కితే అవి తాబేలు కాళ్ళలా అటూ ఇటూ కొట్టుకుంటాయి. ఒక తొక్కు తొక్కాను. రెండు. మూడో తొక్కుకు పడవ అవతలి గోడకు ధనాలుమని గుద్దింది. గంగులమ్మ కెవ్వుమంది. దొర పడీపడీ నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, ఆ రెక్కలు నీళ్ళలో కాదు, నా ఛాతీలో ఉన్నాయనిపించింది.

మోటార్ బాగుచెయ్యడం మరచిపోయి క్యాంపుకు వచ్చేశాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది.

మా రూమ్‌లో ముగ్గురం. నేను, బావ, జగిత్యాల పెద్దులు. పెద్దులు మేస్త్రీ. నీళ్ళంటే బకెట్ లోతుకు మించి నమ్మని మనిషి. ముగ్గురి ఒక నెల జీతం కలిపితే పడవ వస్తుంది. పెద్దులును ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది.

"నేను ఎక్క. తొక్క. నాకెందుకురా వాటా?"

"తినవా?"

"తింట."

"గందుకే వాటా."

బావనయితే ఒప్పించాల్సిన పనే రాలేదు. పడవ చూడకముందే తాడు తెచ్చాడు. వాటర్ ట్యాంకర్ మీద ఆ పసుపు పడవను కట్టుకుని, అజైబా నుంచి బౌషర్ దాకా హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. సిగ్నల్ దగ్గర కార్లవాళ్ళు అద్దాలు దించి చూస్తుంటే, పెళ్ళికొడుకును ఊరేగిస్తున్నట్టు చెయ్యి ఊపాడు. క్యాంపులో దించాక పడవ చుట్టూ మూడుసార్లు తిరిగి, "అంత మంచిగనే ఉన్నది గని, గీ సైకిల్‌కు గంట లేదేందిరా?" అన్నాడు.

జనం గుమిగూడారు. వాళ్ళ వెనక నుంచి గరిటెతోనే వచ్చాడు ఇస్రాయేలు. పడవను కాలితో తట్టాడు.

"ఇది పడవేంటి తమ్ముడూ? సంతలో పిల్లలు తొక్కే బాతులాగుంది. దీంట్లో కూకుని సముద్రంలోకి ఎల్తావా? సేపలు నవ్వుకుంటాయిరా."

"నీకేం తెలుసే వంటోనివి?" అన్నాను.

"పాతికేళ్ళు సముద్రం మీద ఉన్నోణ్ణి. వంటోణ్ణయ్యి రెండేళ్ళు."

ఆ శుక్రవారం తనే అజైబా బీచ్‌కు మా వెంట వచ్చాడు. నవ్వడానికి వచ్చాడు. నేను ఒక చుట్టు తిరిగి వచ్చాక, "ఓసారి ఇయ్యి, ఇదేంటో సూత్తాను" అని ఎక్కాడు. అంతే. అరగంట పత్తా లేడు. తిరిగి వచ్చినప్పుడు అతని ముఖం చూడాలి. నలభై ఐదేళ్ళ మనిషి తిరణాలలో రంగులరాట్నం దిగిన పిల్లాడిలా ఉన్నాడు.

"చప్పుడు లేదు తమ్ముడూ! ఇంజన్ లేదు, తెడ్డు లేదు. సేపల మందలోకి దొంగలా దూరిపోయాను. ఆటికి తెలీనే లేదు!"

ఆ రోజు నుంచి మా పడవకు నాలుగో మనిషి వచ్చాడు.

*

పనులు వాటంతటవే పంపకమయ్యాయి. తొక్కడం నాదీ, ఇస్రాయేలుదీ, వారం విడిచి వారం. గాలాలకు తంగూసు దారం కట్టడం, ఎర గుచ్చడం ఇస్రాయేలు. పడవ మోయడం, కడగడం బావ. ఉప్పు పట్టకుండా ట్యాంకర్ మంచినీళ్ళతో కడిగేవాడు, మా అక్క తన చిన్నకూతుర్ని కూడా అంత ముద్దుగా కడిగి ఉండదు. పడవ తోకలో చిటికెనవేలంత రంధ్రం, దానికో మర బిరడా. లోపల చేరిన నీళ్ళు దాంట్లోంచి వంచెయ్యాలి. వండించడం పెద్దులు పని, అంటే పక్కన నిలబడి కారం సరిపోలేదనడం.

మొదటి నెల చిన్నాచితకా చేపలు పడ్డాయి. అక్టోబరు సగమయ్యాక ఎండ తల దించింది. నీళ్ళు చల్లబడ్డాయి. ఒక శుక్రవారం పొద్దున ఒడ్డు మీద వల సర్దుకుంటున్న ముసలి ఒమానీ ఖల్ఫాన్ మమ్మల్ని పిలిచి, సముద్రం వైపు చెయ్యి చాపి, "కనద్! వాజిద్ కనద్!" అన్నాడు.

కనద్ అంటే వంజరం. వాజిద్ అంటే బోలెడు. ఆ రెండు మాటలకే ఇస్రాయేలు గాలాలన్నీ విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు.

వంతు నాది. ఒడ్డు నుంచి అర కిలోమీటరు దాటాను. వెనక నలభై బారల తంగూసు, కొసన బతికున్న కవ్వల చేప. కాళ్ళు తొక్కుతున్నాయి, చేతుల్లో గాలం కర్ర. నీళ్ళు గాజులా ఉన్నాయి. ఉన్నట్టుండి ముందు పది గజాల దూరంలో కవ్వల మంద వానలా పైకి లేచింది. వేల వెండి ముక్కలు. వాటి కింద నుంచి ఏదో నల్లగా, తారాజువ్వలా దూసుకొచ్చింది.

కర్ర వంగింది. తంగూసు చుట్టిన చక్రం అరిచింది.

మంచినీళ్ళ చేపకు సిగ్గుంటుంది. బొచ్చె లాగితే కాసేపు పెనుగులాడి, సరేలే అన్నట్టు వస్తుంది. ఇది అలాంటిది కాదు. తంగూసు బుస్సున పోతోంది. బొటనవేలు పెడితే తోలు లేచింది. పడవ తనంతట తాను తిరిగి దాని వెనకే పరుగెత్తింది. చేప నన్ను లాక్కుపోతోంది! నేను వెనక్కి తొక్కాను, పక్కకు తొక్కాను, అది తిరిగినప్పుడల్లా నేనూ తిరిగాను. ఒడ్డు వెంబడి ఇస్రాయేలు లుంగీ ఎగ్గట్టి పరుగెడుతూ అరుస్తున్నాడు.

"వదులు! వదలరా! ఇప్పుడు లాగు! ఓరి నీ మంచినీళ్ళ బుద్ధి తగలెయ్య, తలెత్తనివ్వకు!"

ఇరవై నిమిషాలు. ఆఖరికి నా ఒళ్ళో పడ్డప్పుడు దాని తోక పడవ అంచు దాటి బయటికి వేలాడుతోంది. నేను ఏడుస్తున్నానని నాకు ఒడ్డుకు వచ్చాక తెలిసింది. ఇస్రాయేలు నడుముల్లోతు నీళ్ళలోకి వచ్చి, చేపను కాదు, నన్ను వాటేసుకున్నాడు.

ఆ రాత్రి మెస్సులో నలభై మందికి వంజరం పులుసు. బిహారీలు, మలయాళీలు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చారు. జహీరుద్దీన్ సాబ్‌కు తల పంపించాం. మేము ఎవరం కాదు, లేబర్. కానీ ఆ శుక్రవారాల్లో క్యాంపు మొత్తం మమ్మల్ని చూసి "ఈసారి ఎంత?" అని అడిగేది. వారమంతా సైట్‌లో పైపులు కోస్తూ నేను నీళ్ళ రంగు గురించి ఆలోచించేవాణ్ణి. ముదురు నీలం మధ్యలో ఆకుపచ్చ చార కనిపిస్తే అక్కడ ఎర చేప ఉంటుందని, పక్షి తిన్నగా పడితే చిన్నది, తిరిగి తిరిగి పడితే పెద్దదని ఇస్రాయేలు చెప్పినవన్నీ డ్యూటీలో వల్లె వేసుకునేవాణ్ణి.

నవంబరు మూడో గురువారం అన్నీ తలకిందులయ్యాయి.

*

వారం రోజులుగా కనద్ మందలు ఒడ్డుకు దగ్గరగా తిరుగుతున్నాయి. ఇంకో వారం ఆగితే వెళ్ళిపోతాయని ఖల్ఫాన్ చెప్పాడు. శుక్రవారం వంతు నాది. మెస్సులో పళ్ళెం ముందు కూర్చున్నానో లేదో ఇస్రాయేలు వచ్చాడు.

"రేపు వద్దు తమ్ముడూ. ఆకాశం సూసావా? తెల్లారి ఎనిమిదింటికల్లా గాలి తిరుగుద్ది."

"నీ వంతు కాదని ఏడుస్తున్నవ్."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతని ముఖం నల్లబడింది.

"సరే ఎల్లు. ఎల్లావంటే మునిగిపోతావ్. రాసిపెట్టుకో."

అరవై మంది విన్నారు.

మర్నాడు తెలతెలవారుతుండగా బావ ట్యాంకర్ మీద నన్నూ పడవనూ బీచ్‌లో దింపాడు. "అంత సూసిన, మంచిగున్నది. ఫో, ఎంట్కల్లతోని తాడు పేని అయినా దాన్ని గుంజుకరా," అని నవ్వి, విల్లాలకు నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయాడు.

ఎవరూ పట్టనంత చేప పట్టాలని కిలోమీటరున్నర లోపలికి తొక్కాను. ఏడుంబావుకు పడింది. ఆ లాగుడుకే తెలిసింది, ఇదివరకటివన్నీ దీని పిల్లలని. ఒక్కసారి నీళ్ళలోంచి పూర్తిగా పైకి లేచింది. ఎండలో కత్తిలా మెరిసింది. నా ఎత్తు ఉంది! నేను గట్టిగా కేక పెట్టాను, ఎవరికి వినిపించాలనో.

అప్పుడే గమనించాను. పడవ తిరగడం లేదు.

ఎంత తొక్కినా ముక్కు పైకి లేస్తోంది, తోక కిందికి దిగుతోంది. వెనక్కి వాలితే పడవ కడుపులో గళగళమని చప్పుడు. నీళ్ళు. మూసిన పడవ అది, తోడి పోయడానికి వీల్లేదు. సరిగ్గా అదే నిమిషంలో చెంపకు గాలి తగిలింది, అంతవరకూ లేని వైపు నుంచి. ఇస్రాయేలు చెప్పిన గాలి, చెప్పిన గంటకంటే ముందే వచ్చింది.

చేప లాగుతోంది. అల లేస్తోంది. చేతిలో కర్ర, నడుముకు కత్తి. చేపా, ఒడ్డా? రెండు క్షణాలు నిజంగానే ఆలోచించాను. ఆ రెండు క్షణాలకు ఇప్పటికీ సిగ్గుపడతాను. తంగూసు కోసేశాను. మరుసటి అలకు పడవ తిరగబడింది.

దాని ముక్కు పట్టుకుని వేలాడాను. ఎంతసేపో తెలియదు. ఇంజన్ చప్పుడు వినిపించేటప్పటికి నా వేళ్ళు నా మాట వినడం మానేశాయి. ఖల్ఫాన్ నా కాలరు పట్టుకుని తన పడవలోకి ఈడ్చి, పిచ్చివాడా అని తిట్టడం మొదలుపెట్టాడు.

"యా మజ్నూన్! సైకిల్ సముందర్ మే?"

తర్వాత మా పడవ తోక ఎత్తి చూశాడు. రంధ్రంలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఆయన తిట్లు ఆగిపోయాయి. వేలితో చూపించాడు.

"హాదా మాఫీ. కౌన్ నికాలా?"

ఇది లేదు. ఎవరు తీశారు?

*

క్యాంప్‌బాస్ ఆఫీసు నుంచి తిన్నగా పడవ దగ్గరికి వెళ్ళాను. బోర్లా పడి ఉన్నదాని తోక దగ్గర కూర్చున్నాను. ఒడ్డున ఖల్ఫాన్ పిలిచిన పోలీసులూ, ఇక్కడ క్యాంప్‌బాసూ, అందరూ ఆ రంధ్రాన్ని దూరం నుంచే చూశారు. నేను ప్లంబర్‌ని. రంధ్రం కనిపిస్తే వేలు పెట్టకుండా ఉండలేను.

లోపలి మరలు జారుతున్నాయి. వేలు బయటికి తీసి చూశాను. పసుపుపచ్చగా, జిగురుగా ఏదో అంటింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఉప్పు వాసన. దాని కింద ఇంకేదో వాసన, గంధంలాంటిది. నాలుకకు అంటించాను.

సబ్బు.

"అరె లింబన్నా!" పెద్దులు భుజం మీద తువ్వాలతో వచ్చాడు. "సచ్చి బతికినవ్, దేవుని దయ. గని జర నా సబ్బు గిట్ల సూసినవా? నిన్ననే కొత్తది ఇప్పిన. పొద్దున సూస్తే సగమే ఉన్నది. కత్తితోని కోసినట్టు ఉన్నదిరా, కేకు కోసినట్టు! గీ క్యాంపుల సబ్బుకు గూడ వాటాలేనా?"

అతని చేతిలో సగం సబ్బు ఉంది. పసుపుపచ్చది.

బిరడా పీకి నన్ను ముంచాలనుకున్నవాడు రంధ్రాన్ని మళ్ళీ ఎందుకు మూస్తాడు? ఇది చంపాలని చేసింది కాదు. బిరడా పోగొట్టుకున్నవాడు చేసిన మరమ్మతు! ఇస్రాయేలు అయితే గుడ్డపీలిక మీద గుగ్గిలం పట్టించి దిగ్గొట్టేవాడు. సముద్రం మనిషి ఎవడూ నీళ్ళను ఆపడానికి సబ్బు పెట్టడు. నేనూ పెట్టను. పెద్దులు కూడా పెట్టడు, అతను సిమెంటు పెడతాడు.

సబ్బు పెట్టే మనిషి లోకంలో ఒక్కడే. లారీ డ్రైవరు.

ఏడేళ్ళ క్రితం ఆర్మూరు నుంచి నాగ్‌పూర్‌కు పసుపు లోడుతో పోయే లారీలో క్లీనర్ సీటులో నేనున్నాను. ఆదిలాబాద్ దాటాక రాయి తగిలి డీజిల్ ట్యాంకు కారింది. డ్రైవరు దిగి, ఒంటిసబ్బు తీసి, ముక్క కోసి, చేత్తో మెత్తగా పిసికి రంధ్రంలో కూరాడు. "డీజిల్‌ల సబ్బు కరగదు బామ్మర్దీ, రాయి లెక్క పట్టుకుంటది" అని చెప్పాడు. నాగ్‌పూర్ దాకా చుక్క కారలేదు.

నన్ను బామ్మర్దీ అని పిలిచే మనిషి లోకంలో ఒక్కడే.

ట్యాంకర్ క్యాంపు వెనక నిలిపి ఉంది. బావ స్టీరింగ్ ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. కిటికీ కింద నిలబడ్డాను.

"బావా, బిరడా యాడ వడ్డది?"

కిటికీ అంచు మీది దుమ్మును అరచేత్తో తుడిచాడు.

"మోరీల," అన్నాడు. "ఇస్రాయేలు పోయినంక కడిగిన. లోపటి నీళ్ళు వంపుదామని ఇప్పితే చేతుల నుంచి జారింది. గంట సేపు చేతులు వెట్టి దేవులాడిన. దొరకలే."

"నాకెందుకు చెప్పలేదు?"

"వారం సంది కనద్ కనద్ అని కలవరిస్తున్నవ్. ఒక్క పూటనే గదా అనుకున్న. అప్పుడు నాగ్‌పూర్ దాక పోలేదా?"

"అది డీజిల్ బావా."

"ఎరుక. నువ్వు మునిగినంక ఎరుకైంది." కళ్ళు తుడుచుకున్నాడు. "నీకేమన్న అయితే నేను మీ అక్కకు మొహం సూపెడుదునారా?"

అది నటన కాదు. ఆ మాట ఇప్పటికీ నమ్ముతాను.

"మరి ఆఫీసుల ఇస్రాయేలే ఉండె అని ఎందుకన్నవ్?"

"ఉండె గద."

"నువ్వు గూడ ఉంటివి."

స్టీరింగ్ మీద అతని చేతులు బిగుసుకున్నాయి. "బుధవారం నా టికెట్. మూడేండ్ల నాలుగు నెల్లు. చిన్నపిల్ల నన్ను ఫోటోల తప్ప సూడలే. డ్రైవర్ మీద పోలీస్ మాటంటే లైసెన్స్ గుంజుకుంటరు. టికెట్ పాయె, నౌకరి పాయె. ఇస్రాయేలు వంటోడు. యాడన్న బతుకుతడు."

"ముద్ర పడ్డంక ఆయన మల్ల రాలేడు బావా. నువ్వే చెప్పు. తప్పిపోయి అయింది అను. నేను నీ పక్కన నిలవడ్త."

"నిన్ను ఈ దేశం తెచ్చింది ఎవలు?"

"నువ్వే."

"అయితే నోరు మూస్కో. మీ అక్క కోసమన్న మూస్కో."

మసీదు నుంచి నమాజు ముగించుకుని వస్తున్నవాళ్ళ మాటలు వినిపించాయి. బావ కిటికీ అద్దం పైకెత్తుకున్నాడు.

ఆ తర్వాత మా అక్క నాతో నాలుగేళ్ళు మాట్లాడలేదు. మూసిన ఆ కిటికీ అద్దం ముందు నిలబడ్డ నిమిషంలో అదంతా నాకు ముందే కనిపించింది.

ఏం చెయ్యాలో తెలియక మెస్సులోకి వెళ్ళాను. ఇస్రాయేలు శుక్రవారం బిర్యానీ దించుతున్నాడు. పాస్‌పోర్టు పోయినా మూడు వందల మంది తినాలి కదా. నన్ను చూసి గరిటె పక్కన పెట్టాడు. తిడతాడనుకున్నాను. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఎంతుంది తమ్ముడూ?"

"ఏంది?"

"ఆ కనద్ రా. కోసేశావంట గదా, ఖల్ఫాన్ సెప్పాడంట. ఎంతుంది?"

నేను చెయ్యి నా తల దాకా ఎత్తాను. అతని కళ్ళు పెద్దవయ్యాయి.

"లేసిందా పైకి?"

"మొత్తం లేసింది! నిలువునా!"

"అయ్ బాబోయ్," అన్నాడు ఇస్రాయేలు. రెండు చేతులతో నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. "నిలువునా! వీపు మీద చారలు సూసావా? నీలంగా ఉన్నాయా, నల్లగానా?"

"నీలంగ."

"ఆడది! గుడ్లతో ఉన్నది! అందుకే అంత లాగింది. ఓరి నాయనో!" ఇద్దరం పొయ్యి ముందు నిలబడి పిచ్చివాళ్ళలా నవ్వాం. నవ్వు ఆగాక అతను మూత పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "బతికావు. సాల్లే. పద, పిలుత్తున్నారు."

*

మేనేజర్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. టేబుల్ మీద పాస్‌పోర్టు, తెల్లకాగితం, మూత తీసిన పెన్ను. జహీరుద్దీన్ సాబ్ పక్కన నిలబడ్డాడు. పొద్దుటి జనమే గది నిండా ఉన్నారు. బావ కూడా వచ్చాడు. వెనక గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని.

నేను పెద్దులు దగ్గర అడిగి తెచ్చిన సగం సబ్బు టేబుల్ మీద పెట్టాను.

"బిరడా ఎవరూ పీకలేదు సాబ్. కడుగుతుంటే మోరీల పడ్డది. దాని జాగల సబ్బు కూరిన్రు. నీళ్ళల్ల కరిగింది. రంధ్రంల ఇంకా ఉన్నది, మీరే వేలు పెట్టి సూడుండ్రి. చంపాలని ఎవలూ చెయ్యలే. ఇస్రాయేలుకు దీంట్ల ఏం సంబంధం లేదు."

జహీరుద్దీన్ సాబ్ హిందీలో చెప్పాడు. మేనేజర్ సబ్బును చూశాడు, నన్ను చూశాడు. పెన్ను చేతిలోకి తీసుకుని ఒకే మాట అడిగాడు.

"కౌన్?"

"పేరు చెప్పు లింబాద్రీ," అన్నాడు జహీరుద్దీన్ సాబ్. "పేరు లేంది కాగితం కదలది. పేరు చెప్పకుంటే ఇస్రాయేలు పేరే రాస్త."

నేను వెనక్కి తిరిగాను. బావ చేతులు విప్పి కిందికి వదిలేశాడు. తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. నా కళ్ళలోకే చూస్తున్నాడు.

"దేవయ్య," అన్నాను. "వాటర్ ట్యాంకర్ డ్రైవర్ దేవయ్య. మా బావ."